సొంతంగా కడుతున్న పిన్‌బాల్ యంత్రం: కంట్రోలర్‌లో కాయిల్ సెట్టింగులు ఎంత పెట్టాలి?

కావలి వైండర్:

అందరికీ నమస్కారం. నాకు కావలిలో మోటారు వైండింగ్ షాపు ఉంది. బోగోలు, జలదంకి వైపు రైతులు తెచ్చే సబ్‌మెర్సిబుల్ మోటార్లు, ఊళ్లో వాళ్ల మిక్సీలు, ఫ్యాన్లు చుట్టడం నా పని. షట్టరు దించాక నేనూ మా అబ్బాయీ కలిసి పిన్‌బాల్ యంత్రం, అంటే వాలు బల్ల మీద దొర్లే బంతిని బటన్లతో కొట్టి ఆడే ఆట, కడుతున్నాం. వాడు నెల్లూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఆదివారాలు వస్తాడు. కంప్యూటర్ పని వాడిది, చెక్క, ఇనుము, తీగ నావి.

ఇప్పటివరకు అయిన పని చెబుతాను. బల్ల 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. వాలు ఆరున్నర డిగ్రీలకు కట్టాం. బంతి మామూలుగా వాడే 27 మిల్లీమీటర్ల ఉక్కు బంతే, 80 గ్రాములు. ఫ్లిప్పర్ల (బటన్ నొక్కితే లేచి బంతిని కొట్టేవి) కర్ర రెక్కలు ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే వాళ్ల దగ్గర చేయించాను. ఎంత నున్నగా చేసి ఇచ్చారంటే వాటికి రబ్బరు తొడగడానికి మనసు ఒప్పలేదు, కానీ రబ్బరు లేకపోతే బంతికి పట్టు దొరకదు కాబట్టి తొడిగాను. కాయిళ్లన్నీ నేనే చుట్టాను. ఫ్లిప్పర్లకు 23 గేజీ సూపర్ ఎనామిల్ తీగ, 900 చుట్లు, మీటరు పెడితే 4 ఓములు చూపిస్తోంది. ఒకే వైండింగ్. సప్లై 48 వోల్టులు, 400 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (ఏసీని డీసీగా మార్చి ఇచ్చే పెట్టె).

కంట్రోలర్ ఓపెన్ పిన్‌బాల్ ప్రాజెక్ట్ వాళ్ల ఓపీపీ బోర్డులు, రెండు. కంప్యూటర్‌లో మిషన్ పిన్‌బాల్ ఫ్రేమ్‌వర్క్, అంటే ఎంపీఎఫ్. అది పైథాన్‌లో నడుస్తుంది, సెట్టింగులన్నీ యామల్ అనే రకం టెక్స్ట్ ఫైళ్లలో రాయాలి.

నా సందేహాలు ఇవి. కాయిల్ చుట్టడం నాకు చేతనైన విద్య. దానికి ఎంత కరెంటు, ఎంతసేపు ఇవ్వాలో ఫైల్లో అంకెలుగా రాయడం మాత్రం కొత్త. ఫ్లిప్పర్‌కు పల్స్, అంటే మొదట ఇచ్చే పూర్తి కరెంటు దెబ్బ, ఎన్ని మిల్లీసెకన్లు పెట్టాలి? బటన్ నొక్కి పట్టుకుంటే రెక్క పైనే నిలవాలి కదా, అప్పుడు హోల్డ్ పవర్, అంటే పట్టి నిలపడానికి పూర్తి పవర్‌లో ఇచ్చే భాగం, ఎంత ఉండాలి? కాయిల్ కాలకముందే అడుగుతున్నాను. షాపులో రోజూ కాలినవే చూస్తుంటాను, ఇక్కడ కూడా ఆ వాసన రాకూడదు.

రెండోది, ఎడమ ఫ్లిప్పర్ బటన్‌ను ఒక బోర్డుకూ, కాయిల్‌ను రెండో బోర్డుకూ కలిపాం, తీగ పొడవు తగ్గుతుందని. ఎంపీఎఫ్ మొదలవగానే డ్రైవరూ స్విచ్చూ ఒకే బోర్డు మీద ఉండాలంటూ ఆగిపోతోంది. ఎందుకు?

మూడోది, ఫ్లిప్పర్ కొట్టిన ప్రతిసారీ కాకపోయినా తరచుగా దాని పక్కనున్న స్లింగ్‌షాట్ (బంతి తగిలితే తిరిగి తన్నే రబ్బరు పట్టీ) బంతి తగలకుండానే దానంతట అదే కొడుతోంది. నాలుగోది, రెండు ఫ్లిప్పర్లూ ఒక్కసారి నొక్కితే బోర్డుల మీద దీపాలు క్షణం ఆరి వెలుగుతున్నాయి.

మా అబ్బాయికి పరీక్షలు దగ్గరపడ్డాయి. వాడు తిరిగి వచ్చేలోపు తీగల వైపు చేయగలిగినదంతా నేను చేసి ఉంచాలనుకుంటున్నాను.


ఒంగోలు బెంచి:

రెండో సందేహానికి జవాబు చెబుతాను, మిగతావి తెలిసినవాళ్లు రాస్తారు.

ఫ్లిప్పర్ బటన్ నొక్కిన సంగతి యూఎస్‌బీ తీగలో కంప్యూటర్‌కు వెళ్లి, పైథాన్ దాన్ని చూసి, కాయిల్‌ను కొట్టమని వెనక్కి చెప్పేసరికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఆడేవాడి వేళ్లకు అది వెంటనే తెలుస్తుంది. అందుకని ఎంపీఎఫ్ ఆట మొదట్లోనే బోర్డుకు ఒక నియమం రాసి ఇస్తుంది: ఈ స్విచ్ మూసుకుంటే ఈ కాయిల్‌ను ఇన్ని మిల్లీసెకన్లు కొట్టు, తర్వాత ఇంత పవర్‌తో పట్టు, స్విచ్ వదలగానే ఆపు. అక్కడి నుంచి ఆ పని బోర్డే స్వయంగా చేస్తుంది. కంప్యూటర్‌కు జరిగిన సంగతి మాత్రం తెలుస్తుంది, పాయింట్లు అది వేసుకుంటుంది. పక్క బోర్డు మీది స్విచ్ ఈ బోర్డుకు కనిపించదు కాబట్టి రెండూ ఒకే బోర్డు మీద ఉండి తీరాలి. స్లింగ్‌షాట్లకూ, బంతి తగిలితే తన్నే గుండ్రని పాప్ బంపర్లకూ ఇదే నియమం.

ఓపీపీలో ప్రధాన బోర్డుకు తగిలించే కాయిళ్ల చిన్న బోర్డుకు (వాళ్లు దాన్ని వింగ్ అంటారు) నాలుగు కాయిల్ అవుట్‌పుట్లతో పాటు నాలుగు ఇన్‌పుట్లు ఉన్నది ఇందుకే. బటన్ తీగను అక్కడికి మార్చండి. తర్వాత యామల్‌లో స్విచ్ నంబరు మార్చాలి. అందులోని అంకెలు వరుసగా గొలుసు, బోర్డు, పిన్ను. ఎంపీఎఫ్ హార్డ్‌వేర్ స్కాన్ ఆదేశం ఇస్తే ఏ బోర్డు ఎన్నోదిగా కనిపిస్తోందో తెరమీద చూపిస్తుంది. ముందు అది చూసి తర్వాత రాయండి. తీగ ఒక మీటరు పొడవు పెరిగినా ఇబ్బంది లేదు.


పొగతోట:

కావలి వైండర్ గారూ, మొదటి సందేహానికి జవాబు మీ అంకెల్లోనే ఉంది. 48 వోల్టులు, 4 ఓములు: 12 ఆంపియర్లు, 576 వాట్లు. ముప్పావు హార్స్‌పవర్ మోటారుకు సరిపడే విద్యుత్తు గుప్పెట్లో పట్టే కాయిల్‌లోకి వెళుతోందన్నమాట. కొన్ని మిల్లీసెకన్లే కాబట్టి అది తట్టుకుంటుంది. అదే విద్యుత్తు కొన్ని సెకన్లు నిలిస్తే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

మీరు చుట్టే సింగిల్ ఫేజ్ మోటారులో స్టార్టింగ్ వైండింగ్ ఉంటుంది. మోటారు వేగం అందుకోగానే సెంట్రిఫ్యూగల్ స్విచ్ దాన్ని తప్పిస్తుంది. ఆ స్విచ్ అతుక్కుపోయిన మోటార్లే మీ షాపుకు వస్తాయి. ఫ్లిప్పర్ పల్స్‌ను స్టార్టింగ్ వైండింగ్ లాగా చూడండి. దాన్ని తప్పించే పని ఇక్కడ బోర్డుది, ఎప్పుడు తప్పించాలో చెప్పేది మీరు రాసే అంకె. ఆ అంకె తప్పితే అడ్డుకునే యాంత్రికమైన స్విచ్ ఏదీ మీ యంత్రంలో లేదు.

అందుకని కింది నుంచి పైకి రండి. పల్స్ సెట్టింగ్ ఏమీ రాయకపోతే ఎంపీఎఫ్ 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అక్కడే మొదలుపెట్టండి. రెక్క సగం లేచి పడిపోతుంది, పడనివ్వండి. రెండేసి మిల్లీసెకన్లు పెంచుతూ వెళ్లండి. కింది మూల నుంచి కొట్టిన బంతి బల్ల పైభాగం దాకా వెళ్లి, ర్యాంపు ఉంటే అది ఎక్కగలిగితే చాలు, అక్కడ ఆగండి. 48 వోల్టుల ఫ్లిప్పర్లు చాలావరకు 20, 30 మధ్య ఎక్కడో కుదురుకుంటాయి. అంతకంటే పెంచితే రెక్క వేగం పెరగదు. అప్పటికే స్టాపరు దగ్గరికి చేరిన ప్లంజర్‌ను (కాయిల్ లోపలికి లాగే ఇనుప కడ్డీని) ఇంకా బాదుతున్నట్టే, ఆ విద్యుత్తంతా వేడిగా పోతుంది, స్టాపరు నలుగుతుంది. స్లింగ్‌షాట్లకు 8 నుంచి 12 సరిపోతుంది. బంతిని గాడిలోంచి బయటికి నెట్టే కాయిల్‌కు 15, 20 కావచ్చు.

హోల్డ్ విషయం ఇంకా ముఖ్యం. ఒకే వైండింగ్ కాబట్టి బోర్డు దాన్ని వేగంగా వేస్తూ తీస్తూ సరాసరి కరెంటు తగ్గిస్తుంది. కాయిల్ చివర్లలో డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) ఉంటే తీసిన క్షణంలో కూడా కరెంటు దాని గుండా తిరుగుతూనే ఉంటుంది కనుక లెక్క సుమారుగా ఇలా వస్తుంది: హోల్డ్ పవర్ 0.125 పెడితే ఒకటిన్నర ఆంపియరు, వేడి 9 వాట్లు. 0.25 పెడితే 3 ఆంపియర్లు, వేడి 36 వాట్లు. అంకె రెట్టింపు చేస్తే వేడి నాలుగింతలవుతుంది. కాబట్టి 0.125తో మొదలుపెట్టండి.

అది చాలుతుందా లేదా తెలుసుకోవడానికి బంతిని రెక్క మీద నిలబెట్టి చూస్తే లాభం లేదు. ఆరున్నర డిగ్రీల వాలులో 80 గ్రాముల బంతి కిందికి నెట్టే బరువు 9 గ్రాములే. రెక్కను పైకెత్తి పట్టుకుని, పైనుంచి బంతిని వదిలి, వేగంగా వచ్చి రెక్కకు తగలనివ్వండి. రెక్క కిందికి జారితే ఇంకో మెట్టు, అంటే 0.0625, పెంచండి. జారకపోతే ముట్టుకోవద్దు.

ఇక ఒక జాగ్రత్త, మీ అబ్బాయికి తప్పక చూపించండి. కాయిల్ సెట్టింగుల్లో అలో ఎనేబుల్ అని ఒకటుంది. ఫ్లిప్పర్ పట్టి నిలవాలంటే అది పెట్టాలని చాలామంది అనుకుంటారు. దాని అర్థం ఆ కాయిల్‌ను నూటికి నూరు శాతం పవర్‌తో ఎంతసేపైనా నిలపవచ్చని అనుమతి ఇవ్వడం. మీ 4 ఓముల ఫ్లిప్పర్ కాయిల్‌కు ఆ అనుమతి అక్కర్లేదు, ఇవ్వకూడదు. డీఫాల్ట్ హోల్డ్ పవర్ ఒక్కటి రాస్తే అంతవరకే అనుమతి ఉంటుంది. దానితో పాటు మ్యాక్స్ హోల్డ్ పవర్, మ్యాక్స్ పల్స్ ఎంఎస్ కూడా రాసి పెట్టండి. రేపు ఆట నియమాలు రాసేటప్పుడు ఎక్కడో ఒక చోట పెద్ద అంకె పడినా ఎంపీఎఫ్ దాన్ని అక్కడే ఆపుతుంది. స్లింగ్‌షాట్లకు, బంతిని నెట్టే కాయిల్‌కు హోల్డ్ ఏదీ రాయనే వద్దు.


గూడూరు నిమ్మ:

స్లింగ్‌షాట్ దానంతట అదే కొట్టడం గురించి.

సెట్టింగులు మార్చే ముందు కారణం అదురు అవునో కాదో తేల్చుకోండి. కాయిళ్లకు వెళ్లే 48 వోల్టుల తీగ విడదీయండి, బోర్డులకు 5 వోల్టులు మాత్రం ఉంచండి. కంప్యూటర్‌లో స్విచ్‌ల తెర పెట్టుకుని, స్లింగ్‌షాట్ దగ్గర బల్లను కింది నుంచి పిడికిలితో తట్టండి. తెరమీద స్విచ్ మూసుకున్నట్టు కనిపిస్తే అది పూర్తిగా యాంత్రికమైన సమస్య. పలక స్విచ్ రేకుల మధ్య సందు తక్కువైంది, సన్నని పట్టకారుతో కొంచెం వెడల్పు చేయండి. స్లింగ్‌షాట్‌కు రెండు స్విచ్‌లు ఉంటాయి కాబట్టి రెండూ చూడాలి.

తట్టినప్పుడు ఏమీ కనిపించకపోతే అది విద్యుత్తు గోల. 12 ఆంపియర్లు ఒక్కసారి ఆగినప్పుడు పక్క తీగల్లో పుట్టే పోటును బోర్డు స్విచ్ అనుకుంటోంది. ప్రతి కాయిల్ చివర్ల మీదే 1ఎన్4007 డయోడ్ ఉందా చూడండి, గీత ఉన్న వైపు పాజిటివ్‌కు. బోర్డు మీద కాక కాయిల్ మీదే ఉండటం మంచిది. తిరగేసి వేస్తే కాయిల్ కొట్టగానే అది షార్ట్ అవుతుంది, బోర్డు మీద కాయిల్‌ను వేసి తీసే మాస్‌ఫెట్ పోతుంది. స్విచ్ తీగలనూ కాయిల్ తీగలనూ ఒకే కట్టగా కట్టి ఉంటే విప్పి వేరు చేయండి, ఎదురైన చోట అడ్డంగా దాటించండి. కాయిళ్ల గ్రౌండు లావు తీగతో నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు వెళ్లాలి. బోర్డుల గ్రౌండు కూడా అక్కడికే వచ్చి కలవాలి. దారి మధ్యలో ఎక్కడా కలపవద్దు.

డీబౌన్స్ సెట్టింగ్ (స్విచ్ మూసుకోవడాన్ని ఎంతసేపు చూసి నమ్మాలన్నది) గురించి కూడా చెబుతాను, ఎవరో ఒకరు అదే మార్చమంటారు కాబట్టి. స్లింగ్‌షాట్ లాంటి వాటికి ఎంపీఎఫ్ త్వరగా స్పందించే డీబౌన్స్‌ను వాడుతుంది. దాన్ని నార్మల్‌కు మారిస్తే ఈ గోల తగ్గవచ్చు. కానీ బంతి తగిలినప్పుడు కొట్టే చురుకుదనం కూడా పోతుంది, తీగల్లో లోపం అలాగే ఉండిపోతుంది. తీగలు సరిచేయండి. సెట్టింగ్‌ను వదిలేయండి.


కావలి వైండర్:

ముగ్గురికీ ధన్యవాదాలు. బటన్ తీగ మార్చాను, ఎంపీఎఫ్ ఆగడం మానేసింది.

స్లింగ్‌షాట్ తట్టి చూశాను. కుడివైపుది తట్టుకే మూసుకుంటోంది, రేకులు వెడల్పు చేస్తే సరిపోయింది. ఎడమవైపుది తట్టుకు కదలలేదు. దాని స్విచ్ తీగ ఫ్లిప్పర్ తీగలతో కలిసి ఒకే గొట్టంలో వెళుతోంది. వేరు చేసి గ్రౌండు నేరుగా లాగాక ఆగిపోయింది. రెండు పక్కలా ఒకే జబ్బు కనిపించినా కారణాలు వేరు, నిమ్మ గారు చెప్పిన పరీక్ష లేకపోతే తేలేది కాదు.

పల్స్ 24 దగ్గర బాగుంది. హోల్డ్ 0.125 పెడితే పైనుంచి వేగంగా వచ్చిన బంతికి రెక్క కొంచెం దిగుతోంది. ఒక మెట్టు పెంచి 0.1875 పెట్టాను, నిలిచింది. అప్పుడు వేడి ఎంత అన్నది లెక్కతో ఊరుకోకుండా కొలిచాను. ఇది అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. చేతితో ముట్టుకుని చెప్పే వేడి పైపొరది మాత్రమే, లోపలి చుట్లది కాదు. మోటార్లకు మేము ఓములతో కొలుస్తాం. చల్లగా ఉన్నప్పుడు, షాపులో 34 డిగ్రీలు ఉండగా కాయిల్ 4.0 ఓములు. బటన్‌ను బట్టల క్లిప్పుతో నొక్కి పట్టి, కాయిల్ ఇక వేడెక్కడం ఆగేదాకా ఉంచి, సప్లై తీసి వెంటనే కొలిస్తే 4.6. రాగికి లెక్క 234.5తో వేయాలి: 234.5కు 34 కలిపి, 4.6తో గుణించి, 4.0తో భాగించి, మళ్లీ 234.5 తీసేస్తే సుమారు 74 డిగ్రీలు. నా తీగ 130 డిగ్రీల తరగతిది. ఆడేవాళ్లెవరూ అంతసేపు పట్టుకోరు కాబట్టి ధైర్యంగా ఉంది. మే నెలలో మా దగ్గర షాపులో ఇంకో పది డిగ్రీలు పెరిగినా ఇబ్బంది ఉండదు. కొలిచేటప్పుడు కాయిల్ ఒక కొనను బోర్డు నుంచి విడదీయాలి, లేకపోతే డయోడ్, మాస్‌ఫెట్ కలిసి మీటరు అంకె మారుతుంది. మామూలు మీటర్లకు ఇంత తక్కువ ఓముల్లో తీగల సొంత ఓములు కూడా కలుస్తాయి, రెండు కొనలూ తాకించి వచ్చే అంకెను తీసేయండి.

ఇక రెండు ఫ్లిప్పర్లూ నొక్కితే దీపాలు ఆరడం మిగిలింది. దానితో పాటు ఇంకో సంగతి గమనించాను. మొన్న కరెంటు పోయి వచ్చినప్పుడు 48 వోల్టులూ 5 వోల్టులూ ఒకేసారి లేచాయి, ఒక కాయిల్ టక్కుమని కొట్టి ఆగింది. బోర్డులోని చిప్పు మేలుకోకముందే మాస్‌ఫెట్‌కు ఏదో అందినట్టుంది. పిల్లలు బల్ల మీది గాజు తీసి లోపల చేయి పెట్టి ఉన్నప్పుడు ఇలా జరిగితే? నాకు తోచింది డీవోఎల్ స్టార్టర్ పద్ధతి. పొలంలో కరెంటు పోయి వస్తే మోటారు దానంతట అది తిరగదు, మళ్లీ పచ్చ బటన్ నొక్కాలి. చిన్న కాంటాక్టరు (కరెంటుతో మూసుకునే స్విచ్) ఒకటి పెట్టి, దాని సొంత కాంటాక్టుతోనే పట్టి నిలిచేలా కలిపితే 48 వోల్టులు కూడా బటన్ నొక్కాకే వస్తాయి. దీన్ని ఎస్‌ఎంపీఎస్‌కు ముందు పెట్టాలా, తర్వాతా?


ఒంగోలు బెంచి:

ముందు పెట్టండి, 230 వోల్టుల వైపు. మామూలు కాంటాక్టరు ఏసీని తెంచడానికి చేసింది. ఏసీ కరెంటు సెకనుకు నూరుసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి మెరుపు దానంతట ఆరిపోతుంది. 48 వోల్టుల డీసీ, పైగా కాయిళ్ల లోడు, తెంచేటప్పుడు మెరుపు నిలిచి కాంటాక్టులు కాలతాయి. మీ ఆలోచన మాత్రం నా యంత్రానికి కూడా తీసుకుంటున్నాను. ఎరుపు బటన్‌తో వరుసలో యంత్రం ముందువైపు తలుపు స్విచ్ కూడా కలపండి. తలుపు తెరిస్తే కాంటాక్టరు వదిలేస్తుంది, మూసినా మళ్లీ పచ్చ బటన్ నొక్కాలి. గాజు తీయాలంటే ముందు ఆ తలుపు తెరిచే తీరాలి కాబట్టి చేయి లోపలికి వెళ్లే సమయానికి సప్లై ఆగిపోయి ఉంటుంది.

దీపాలు ఆరడానికి కారణం చూద్దాం. రెండు ఫ్లిప్పర్లు 24 ఆంపియర్లు లాగుతాయి, మీ 400 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఇవ్వగలిగేది ఎనిమిదికి కాస్త ఎక్కువ. ఆ క్షణం వోల్టేజి కూలుతుంది. బోర్డుల 5 వోల్టులను ఆ 48 నుంచే తగ్గించి తీసుకుంటున్నారేమో చూడండి. అలా అయితే ముందు దాన్ని వేరు చేసి, బోర్డులకు విడిగా 5 వోల్టుల సప్లై పెట్టండి. దీపాలు ఆరడం దాంతోనే పోవాలి. తర్వాత ఫ్లిప్పర్లు రెండూ కలిసినప్పుడు నీరసంగా కొడుతుంటే 48 వోల్టుల మీద 22,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి, 63 వోల్టులది లేదా అంతకంటే పైది. ఆ కొద్ది మిల్లీసెకన్ల లోటు చాలావరకు అది పూడుస్తుంది.

అది పెట్టారంటే ఇంకొకటి తప్పనిసరి. కాంటాక్టరు వదిలేసినా కెపాసిటర్‌లో 48 వోల్టులు మిగిలి ఉంటాయి, కాయిల్‌ను ఒకసారి కొట్టడానికి అది చాలు. 2.2 కిలో ఓముల, 2 వాట్ల రెసిస్టర్‌ను దాని అడ్డంగా శాశ్వతంగా కలిపి ఉంచండి. పూర్తిగా దిగడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంతకంటే త్వరగా కావాలంటే కాంటాక్టరు వదిలేసినప్పుడు మూసుకునే కాంటాక్టు ద్వారా 100 ఓముల పెద్ద రెసిస్టర్‌ను దాని మీదికి తెండి. తలుపు తెరిచిన కొద్ది సెకన్లకే ఖాళీ అవుతుంది.


కావలి వైండర్:

5 వోల్టులు విడిగా పెట్టాను, దీపాలు ఆరడం లేదు. కాంటాక్టరు, తలుపు స్విచ్ కూడా కలిపాను. 100 ఓముల రెసిస్టర్ పాత వెల్డింగ్ మెషీన్ లోంచి తీసింది ఒకటుంది, అది వాడతాను.

చివరిగా ఒకటి అడుగుతాను. మూడో ఫ్లిప్పర్ ఒకటి పైన పెట్టాలని అబ్బాయి అంటున్నాడు. దానికి రెండు వైండింగుల కాయిల్ చుడదామనుకుంటున్నాను, లావు తీగ లోపల, సన్న తీగ పైన. సన్న వైండింగ్ 150 ఓములు వచ్చేలా చుడితే 48 వోల్టులకు 0.32 ఆంపియరు, 15 వాట్లు. అప్పుడు సెట్టింగులు ఎలా మారతాయి?


పొగతోట:

అప్పుడు యామల్‌లో అది రెండు కాయిళ్లు. లావు వైండింగ్ ఫ్లిప్పర్‌కు మెయిన్ కాయిల్, దానికి పల్స్ ఒక్కటే రాయండి, హోల్డ్ ఏదీ వద్దు. సన్న వైండింగ్ హోల్డ్ కాయిల్, అలో ఎనేబుల్ ఇవ్వాల్సింది దీనికే. పూర్తి పవర్‌తో నిలిచినా 15 వాట్లే కాబట్టి అక్కడ ఆ అనుమతి సబబు. మీరు చేసిన ఓముల కొలత దానికి కూడా ఒకసారి చేయండి, సన్న తీగ పైన ఉంటుంది కాబట్టి వేడి త్వరగా బయటికి పోతుంది, 74 కంటే ఎక్కువ రాకపోవచ్చు.

రెండు వైండింగులకూ రెండు అవుట్‌పుట్లు, రెండు డయోడ్లు కావాలి. చుట్ల దిశ రెండింటికీ ఒకటే ఉండాలని మీకు చెప్పనక్కర్లేదు. పైన ఫ్లిప్పర్‌ను కూడా అదే కుడి బటన్‌తో నడపాలనుకుంటే ఆ రెండు అవుట్‌పుట్లను కుడి ఫ్లిప్పర్ ఉన్న బోర్డు మీదే తీసుకోండి, లేకపోతే మొదట్లో వచ్చిన సందేశమే మళ్లీ వస్తుంది. అక్కడ ఖాళీ లేకపోతే కుడి బటన్‌కు రెండో స్విచ్ రేకు అమర్చి, దాని తీగను రెండో బోర్డుకు ఇవ్వండి.